మునిరత్నం ఇంట్లో చెమ్మ పట్టిన గోడ

2024 ఫిబ్రవరిలో తిరుత్తణిలోని ఒక నేతపనివాళ్ళ వీధికి నన్ను పిలిచారు. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. కట్టడం బరువు మోస్తుందా, నిలబడుతుందా అని చూసి చెప్పడం నా పని. తిరువళ్ళూరు దగ్గర మణవాళనగర్‌లో నాకు చిన్న ఆఫీసు ఉంది. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మేడ మీద ఇంకో మేడ వేసుకోవచ్చా అని అడగడానికే వస్తారు. కూడదంటే నా చదువు మీద అనుమానపడి వెళ్ళిపోతారు. పాత ఇళ్ళు చూసి పెట్టమని అడిగేవాళ్ళు అరుదు కాబట్టి ఈ పిలుపు రాగానే ఎగిరి గంతేశాను.

పిలిచింది భార్గవి అనే ఆర్కిటెక్చర్ విద్యార్థిని. ఆమె, స్నేహితులు కలిసి అంతకుముందు ఏడాది ఒక పండగ మొదలుపెట్టారు. తిరువళ్ళూరులోనూ తిరుత్తణిలోనూ పాత వీధుల్లో జనాన్ని నడిపించి, అరుగులు, తలుపులు, మిద్దెలు చూపిస్తూ ఆ వీధి కథ చెప్పడం. టికెట్ లేదు, ఎవరైనా రావచ్చు. మొదటిసారి వీధిలో నిలబడి చూసి వెళ్ళారు. ఈసారి ఇళ్ళ లోపలికి కూడా తీసుకెళ్ళాలని వాళ్ళ ఉబలాటం. ఏ ఇంట్లోకి ఎంతమందిని పంపవచ్చో నేను చెప్పాలి.

"మీకు ఫీజు ఇయ్యలేము మేడం, టీ బోండా దా ఇయ్యగలం" అంది ముందే. తమిళం కలిసిన మా వైపు తెలుగులో 'దా' అంటే 'మాత్రమే'.

"బోండా వేడిగా ఉండాలి" అన్నాను.

అక్కడి ఇళ్ళు చాలావరకు మద్రాస్ టెర్రస్ కప్పువి. అంటే టేకు దూలాల మీద సన్న ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో అతికిన మిద్దె. సరిగా చూసుకుంటే మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. రెండు మూడు ఇళ్ళు చూసి హాయిగా తల ఊపుకుంటూ వచ్చినదాన్ని మునిరత్నం ఇంట్లో ఆగిపోయాను. ఆ వరుసలో గుంట మగ్గం ఇంకా ఆడుతున్న ఇల్లు అదొక్కటే. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం అది. భార్గవి వాళ్ళు అందరికంటే ముందు చూపించాలనుకున్నది కూడా దాన్నే.

మగ్గం పక్క గోడ ఉబ్బి ఉంది. దాని మీద పొడవాటి బీట. చెయ్యి పెడితే చల్లగా తడి తగిలింది.

మునిరత్నం తమ్ముడు శేఖర్ కాట్టుపల్లి షిప్‌యార్డ్‌లో కాంట్రాక్టు పని చేస్తాడు. ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. "పడిపోతాది గదా మేడం? మీరే చెప్పండి మా అన్నకు. ఆ గోడకు అవతల నా బిడ్డలు పడుకుంటా ఉండారు. కొట్టేసి కాంక్రీట్ వేద్దామంటే వినడు" అన్నాడు.

మునిరత్నం మగ్గం దిగలేదు. "కొట్టేస్తే నేను యాడ కూర్చుని నేసేది? కొత్తింట్లో గుంట తవ్వనిస్తావా?" అన్నాడు.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నేను గోడ పడుతుందంటే ఆ మగ్గం ఇక ఆడదు. పడదని చెప్పి తప్పయితే పిల్లల మీద గోడ పడుతుంది. ఆ రాత్రి నుంచే పిల్లల్ని వేరే గదిలో పడుకోబెట్టమన్నాను. దానికి మాత్రం అన్నదమ్ములిద్దరూ ఒక్క మాట మీద సరేనన్నారు.

బీట మీద టెల్‌టేల్ పెట్టాను. పేరు గొప్పగా ఉంటుంది గానీ అది బీటకు అడ్డంగా అతికించే సన్నని గాజుపలక. గోడ ఏమాత్రం కదిలినా పుటుక్కున విరుగుతుంది. పలక గోడకే అంటాలి కాబట్టి అతికించే చోట పైపూత చెక్కించాను. చెక్కుతుంటే కనిపించింది, బీట పైపూతలోనే ఉంది, లోపలి ఇటుకలో లేదు. కొద్ది రోజుల తర్వాత వెళ్ళి చూస్తే గాజు చెక్కుచెదరలేదు. గోడ కదలడం లేదు. సగం భయం తీరింది. మరి ఆ నీళ్ళు ఎక్కడివి?

కుళాయి గొట్టం చూశాను, కాలువ చూశాను, పక్కింటి స్నానాలగది కూడా చూసి వాళ్ళ వింత చూపులు భరించాను. ఎక్కడా కారడం లేదు. తిరిగొచ్చేసరికి మునిరత్నం చెంబుతో మగ్గం గుంటలో నీళ్ళు చల్లుతున్నాడు. గాలి పొడిగా ఉంటే పడుగు దారాలు పుటపుట తెగిపోతాయి, అందుకని గుంటను తడిగా ఉంచుతారు.

"చూసినారా మేడం!" శేఖర్ గొంతు పెద్దదైంది. "దినామూ అంతే. గుంట పూడ్చేస్తే సరిపోతాది."

నాకూ ఒక్క క్షణం అదే నిజమనిపించింది. ఒప్పుకునేదాన్నే.

"మా తాత పోసినాడు, మా నాయన పోసినాడు. అప్పుడు తడవని గోడ ఇప్పుడు యాల తడుస్తాది?" అన్నాడు మునిరత్నం చిరాగ్గా.

ఆ ప్రశ్న పట్టుకుని గది మళ్ళీ మొదటినుంచి చూశాను. నేల మీద నిగనిగలాడే టైల్స్. గోడకు రెండు వైపులా నున్నటి సిమెంటు పూత, దాని మీద లేతాకుపచ్చ ఆయిల్ పెయింటు.

"ఇవన్నీ ఎప్పుడు చేయించినారన్నా?"

మునిరత్నం తన భార్య కుప్పమ్మ వైపు చూశాడు. ఆమె గుమ్మం దగ్గర నిలబడి కొంగు సర్దుకుంది.

"పోయినేడు ఈ పండగకు జనం వచ్చినారు గదమ్మా. ఒకామె వాకిలి కాడ నిలబడి మా గోడ చూసి, పాపం, ఎట్ల ఉంటారో ఇట్లాంటి ఇంట్లో అనింది. మెల్లిగా దా అనింది, నాకు వినబడె. రొంబ సిగ్గుగా అయిపాయ. మళ్ళా వచ్చేలోగా బాగా కనబడాల అని నేనే పట్టుబట్టి పూయించినాను."

నాతో వచ్చిన భార్గవి మొహం పాలిపోయింది.

విషయం అప్పుడు తేటగా కనబడింది. సున్నం గోడ నీటిని తాగుతుంది, మళ్ళీ గాలికి వదిలేస్తుంది. టైల్స్‌కు ముందున్న నాపరాళ్ళ సందుల్లోంచి నేల కూడా అంతే. గుంటలో పోసిన నీళ్ళు ఇన్నేళ్ళూ అలాగే వచ్చి అలాగే పోయాయి. టైల్స్, సిమెంటు, పెయింటు వేశాక వాటికి దారి మూసుకుపోయింది. బయటికి రాలేక గోడలోనే పైకి ఎక్కాయి. మేం దీన్ని రైజింగ్ డ్యాంప్ అంటాం. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళ మాటే ఆ ఇంటికి జబ్బు తెచ్చిందని మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"గుంట ఉండనీయండి, సిమెంటు తీసేయాలి" అన్నాను. చెప్పడం తేలికే. కుప్పమ్మ ముచ్చటపడి చేయించుకున్న గదిని కొట్టేయమంటున్నాను. పైగా పండగ దగ్గరికొచ్చింది. ఆ ఇల్లు ఈసారి వద్దులే అని భార్గవి తనే అంది.

"వద్దంటే ఎట్ల?" కుప్పమ్మ గట్టిగానే అంది. "కొట్టేయండి. ఆయన మగ్గం ఆగితే నాకు ఈ పచ్చ గోడ ఎందుకు? జనాన్ని రానీయండి. ఇది యాల ఇట్ల ఉండాదో నేనే చెప్తాను, మీరెవురూ చెప్పొద్దు."

గోడ చెక్కే మేస్త్రీకి శేఖరే దగ్గరుండి పనిముట్లు అందించాడు. ఇటుకలు గట్టిగానే ఉన్నాయని చేత్తో కొట్టి చూశాక గానీ అతనికి నమ్మకం కుదరలేదు. టైల్స్ తీసి, పెరట్లో పేర్చిన పాత నాపరాళ్ళు మళ్ళీ పరిచారు.

పండగనాటికి గోడ బయటపడ్డ ఇటుకలతో మచ్చలు మచ్చలుగా ఉంది. కొద్దికొద్దిమందినే, ఆ గోడకు ఎడంగా నిలబెట్టాలని చెప్పాను. కుప్పమ్మ మంచి చీర కట్టుకుని మగ్గం పక్కన నిలబడి, తెలుగూ తమిళమూ కలిపి చెప్పింది. నీళ్ళు ఎందుకు పోస్తారో, గోడ ఎలా తాగుతుందో, తను ఏం పూయించిందో, ఎందుకు పూయించిందో. ఎవరేమన్నారో కూడా దాచలేదు. వినేవాళ్ళు నవ్వలేదు. ఒక పెద్దాయన చెప్పులు బయట విడిచి రాలేదని గుర్తొచ్చి వెనక్కి వెళ్ళాడు.

గోడ పూర్తిగా ఆరడానికి ఆ ఎండాకాలమంతా పట్టింది. తర్వాత సున్నం వేయించారు, పిల్లలు మళ్ళీ గోడ అవతలి గదిలోనే పడుకుంటున్నారు.

నా చదువు నాకు బీటలు చూడటం నేర్పింది. పాత ఇంట్లో మొదట అడగాల్సింది ఈమధ్య ఏం మార్చారని. అది ఏ ఇంజనీరైనా అడుగుతాడు. ఆ ఇల్లు చూశాక నేను ఇంకొకటి కూడా అడుగుతున్నాను: మీ ఇంటిని చూసి ఎవరైనా ఏమైనా అన్నారా?