రాకుమారుడు తాడు కోసిన సీను

2006 జూన్‌లో మా టీవీ ఛానల్ నన్ను ఇబ్రహీంపట్నం పంపింది. అప్పటికి నేను కథా విభాగంలో సీనియర్ స్టోరీ ఎడిటర్‌ని. ఈ ఉద్యోగం చాలామందికి తెలియదు. రచయిత సీను రాస్తాడు, డైరెక్టర్ తీస్తాడు. మధ్యలో కాగితం స్టోరీ ఎడిటర్ చేతి మీదుగా పోతుంది. నిన్న చచ్చిపోయిన పాత్ర ఇవాళ భోజనానికి కూర్చోకుండా చూడటం, ఒక మనిషి చేసే పనికి కారణం ఉందా అని అడగటం నా పని. సీన్ పేపర్ మీద నా సంతకం లేనిదే కెమెరా తిరగకూడదని నియమం. నా పైన ప్రోగ్రామింగ్ హెడ్ ఉండేవాడు. ఆయనకు సంతకంతో పని లేదు, ఫోన్ చాలు.

నన్ను పంపింది ఒక జానపద సీరియల్ కోసం. నిర్మాత సాగర్ రోడ్డు పక్కన భూములు కొని ప్లాట్లు చేసి అమ్మేవాడు. ఊరంతా ఆయన్ను పటేల్ అని పిలిచేది, మేమూ అలాగే పిలిచాం. ఆ రోజుల్లో హైదరాబాద్ చుట్టూ భూముల ధరలతో పాటు భూములు అమ్మేవాళ్ల కళాభిమానం కూడా పెరిగింది. పటేల్ మా ఛానల్లో సాయంత్రం స్లాట్ కొని, కొడుకు రాకేశ్‌ను రాకుమారుడిని చేశాడు. అమ్ముడుపోని ప్లాట్ల మీద ప్లైవుడ్ కోట లేచింది. ముఖద్వారం ఒక్కటే సిమెంటుతో కట్టించాడు, సీరియల్ అయిపోయాక అది వెంచర్‌కు కమాను అవుతుందని. సైనికులు శేరిగూడ ఇంజనీరింగ్ కాలేజీల కుర్రాళ్లు. కవచం కింద సెల్‌ఫోన్ మోగితే సీను మళ్లీ తీసేవాళ్లం.

రచయిత లింగస్వామిది యాచారం. ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పే పని మానుకుని వచ్చాడు. ఇదే అతని మొదటి సీరియల్. నన్ను అక్కా అనేవాడు. పోయిన ఏడాది చనిపోయాడు. అతని గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

అతను రాసిన కథలో రాకుమారుడు జయసేనుడు పొగరుబోతు, పిరికివాడు. ఆరని దీపం కోసం లోయలోకి దిగుతాడు. దారి చూపడానికి పడవ నడిపే మైసడు వెంట వస్తాడు. ఒకే తాడుకు ఇద్దరూ వేలాడుతున్నప్పుడు, తాడు ఇద్దరినీ మోయదని భయపడి రాకుమారుడు తన కాళ్ల కింద మైసడు వేలాడుతున్న తాడు కోస్తాడు. తిరిగొచ్చి తాడు తెగిందంటాడు. బతికొచ్చిన వీరుడని జనం ఊరేగిస్తారు. చాలా ఎపిసోడ్ల తర్వాత మైసడి తల్లి గుడిసెకు పోయి, తాడు తెగలేదు, నేనే కోశానని చెప్తాడు. మనిషి కావడం అక్కడ మొదలవుతుంది. నేను అక్షరం మార్చకుండా సంతకం చేసిన కథలు తక్కువ. వాటిలో ఇది ఒకటి.

టీవీలో సీన్లు కథ వరసలో తీయరు, సెట్టు వరసలో తీస్తారు. కోటకు వేసిన రంగు ఇంకా ఆరలేదు కనుక ముందు గుడిసె సీన్లు తీశాం. అంటే రాకుమారుడు తప్పు చేయకముందే క్షమాపణ అడిగాడు. మా వృత్తిలో ఇది మామూలే. ముందుగా తీసి దాచుకునే ఎపిసోడ్లను బ్యాంక్ అంటాం. క్షమాపణ బ్యాంకులో చేరింది. గుట్ట మీద తాడు కోసే సీను చివరికి మిగిలింది.

ఆ రోజు పటేల్ గుట్ట దగ్గరికి వచ్చి మొదటిసారి సీన్ పేపర్ చదివాడు.

"మావోడు తాడు కోస్తడా?"

"కోస్తడు పటేలా. కథనే గది," అన్నాడు లింగస్వామి.

"రోడ్డు పొంటి హోర్డింగులల్ల వాని బొమ్మనే ఉన్నది. కింద ఏం రాయించిన? నమ్మకానికి మారుపేరు అని. తోటోన్ని సంపినోని మొకం జూసి ప్లాటెవడు కొంటడు?"

"గట్లయితే నమ్మకం హోర్డింగు మీదనే ఉండనియ్యి పటేలా."

పటేల్ ప్రోగ్రామింగ్ హెడ్‌కు ఫోన్ చేశాడు. హెడ్ నాతో మాట్లాడాడు. హీరోకు చెడు జరగవచ్చు కానీ హీరో చెడు చేయకూడదన్నది ఆయన సిద్ధాంతం. తాడు దానంతట అదే తెగాలన్నాడు. నేను సంతకం పెట్టలేదు. కెమెరా తిరిగింది. నియమం బలం ఎంతో అప్పుడు తెలిసింది.

అలాగైతే గుడిసె సీను కూడా పారేయమని లింగస్వామి అడిగాడు. పారేస్తే ప్రసారానికి ఎపిసోడ్ లేదు. కనుక "తాడు నేనే కోశాను" అన్న మాట తీసేసి, ఆ చోట వీణ వాయించారు. ప్రేక్షకులు చూసింది ఇది: తాడు తెగింది, స్నేహితుడు పోయాడు, ఏ తప్పూ చేయని రాకుమారుడు వచ్చి ఒక ముసలామె కాళ్ల మీద పడి క్షమించమ్మా అని వలవలా ఏడ్చాడు. ఎందుకో వీణకు కూడా తెలియదు.

అది ప్రసారమైన మర్నాడు ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర చాయ్ కొట్లో మా సైనికుల్లో ఒకడు ఇంకొకడి కాళ్ల మీద పడ్డాడు.

"క్షమించమ్మా!"

"ఏం జేసినవ్ రా?"

"నాకేమెరక? డైరెక్టర్ ఏడ్వమన్నడు."

చాయ్ పోసేవాడు కూడా నవ్వాడు.

రాకుమారుడు ఎవరికీ నచ్చడం లేదని తేలాక హెడ్ చికిత్స మొదలుపెట్టాడు. జింకపిల్లకు గడ్డి తినిపించమన్నాడు. చలికి వణికే ముసలాయనకు దుప్పటి కప్పమన్నాడు. తల్లి చిన్నప్పుడే పోయినట్టు ఒక పాట పెట్టించాడు. ఉద్యోగం చేసినంత కాలం ఈ మందులు చూశాను. పాత్ర నచ్చకపోతే దాని చేతికి జింకపిల్లను ఇస్తారు. తాడు కోసినవాడిని చూసి జనం ఛీ అంటారు, కానీ వీడేమవుతాడోనని కూర్చుంటారు. జింకపిల్లను పట్టుకుని ఏడ్చేవాడు తెర మీదికి రాగానే పొయ్యి మీది కూర గుర్తొస్తుంది.

రేటింగ్ పడిపోయింది. నెలాఖరుకు లేవకపోతే ఆ స్లాట్ వంటల కార్యక్రమానికి పోతుందని ఛానల్ చెప్పింది. పటేల్‌కు భూములున్నాయి, నాకు జీతం ఉంది. లింగస్వామి స్థానంలో స్కూలు వాళ్లు వేరొకరిని తీసుకున్నారు. సీరియల్ ఆగిపోతే అతనికి మిగిలేది ఏడుపు రాకుమారుడిని రాసినవాడన్న పేరు ఒక్కటే.

ఒకరోజు అతను ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చి, యాచారం బస్సు చెడిపోయిందని చెప్పి, నా ముందు కాగితాలు పెట్టాడు.

"అక్కా, పటేల్ తీపిచ్చిన సీను పారెయ్యద్దు. మనకు గదే కావాలె."

ఎందుకన్నాను.

"తాడు తెగినట్టు లోకం జూసింది. ఎందుకు జూసింది? వాడు గట్ల జెప్పిండు గాబట్టి. మనం ఇన్ని రోజులు జూసింది వాని అబద్ధం. అసలు సంగతి ఇప్పుడు తీద్దాం."

మరి కాళ్ల మీద పడిన సీను ప్రసారమైపోయింది కదా అని అడిగాను.

"పడ్డడు గని ఎందుకు పడ్డడో జెప్పలే. మా ఊర్ల పంచాయితీల తప్పు జేసినోడు లేశి నిలబడి, అందరి ముంగట తన నోటితోని జెప్పాలె. గది జెప్పకుంట కాళ్లు మొక్కితే ఎవ్వలు లెక్కజెయ్యరు. తల్లి కోటకొచ్చి గదే అడుగుతది."

మూడు దశాబ్దాల ఉద్యోగంలో నిర్మాత చేసిన నాశనాన్ని కథకు పునాదిగా వాడిన రచయితను నేను మళ్లీ చూడలేదు. వెంటనే ఇద్దరం సైట్ ఆఫీసుకు వెళ్లాం. రాకేశ్ అక్కడే ఉన్నాడు. పటేల్ వినీ వినకుండానే వద్దన్నాడు. అప్పుడు రాకేశ్ నోరు విప్పాడు.

"బాపు, చాయ్ తాగనీకి పోతే క్షమించమ్మా అంటుర్రు. నిన్న హయత్‌నగర్ల బండి ఆపిన కానిస్టేబుల్ గూడ అన్నడు. తాడు నేనే కోస్త."

"మరి హోర్డింగు?"

"హోర్డింగు జూసే నవ్వుతుర్రు బాపు. నవ్వెటోళ్లు ప్లాట్లు కొంటరా?"

పటేల్ కొంచెం తగ్గి, "ఆఖరికి తల్లి మాఫ్ జేస్తది గదా?" అన్నాడు.

"జెయ్యది," అన్నాడు లింగస్వామి.

పటేల్ హెడ్‌కు చెప్దామని ఫోన్ కోసం చెయ్యి చాపాడు. అది రాకేశ్ జేబులో ఉంది. ఆ రోజుకు నా సంతకం సరిపోయింది.

రాకేశ్ గొప్ప నటుడు కాడు. కానీ తాడు కోశాక ఏడవాలని పేపర్లో లేదు. ఎవరైనా చూశారా అని చుట్టూ చూడాలని మాత్రమే ఉంది. అతను చూశాడు. గుట్ట మీద నవ్వులాటలు ఆగిపోయాయి. తర్వాత కోట సీను. మైసడి తల్లి సభలో నిలబడి అడుగుతుంది: "నా కాళ్ల మీద పడ్డవు కొడుకా. ఎందుకు పడ్డవో జెప్పకపోతివి. లేశి నిలబడి జెప్పు." రాకుమారుడు చెప్తాడు. ఆమె క్షమించదు. "నా కొడుకు పడవ ఒడ్డుకే ఉన్నది. జనం ఏరు దాటాలె గదా," అని వెళ్లిపోతుంది.

ఆ తర్వాత రాకుమారుడు పడవ నడపడం నేర్చుకున్నాడు. తిట్లు తిన్నాడు. మధ్యలో పాత పొగరు తిరిగొచ్చేది. ఒకసారి నస పెట్టిన ముసలామెను గట్టునే వదిలేసి పోయి, మర్నాడు తనే వెతుక్కుంటూ వెళ్లి తీసుకొచ్చాడు. ఛానల్‌కు ఫోన్ చేసిన ఒకామె, "ఇప్పుడు జర మనిషి లెక్క ఉన్నడు," అంది. నేను విన్న విమర్శల్లో అంత సరిగ్గా ఉన్నది ఇంకొకటి లేదు. స్లాట్ నిలిచింది, లింగస్వామి పని కూడా నిలిచింది.

ఆ విజయానికి చేసిన సభలో, అబద్ధం సంగతి మొదటి నుంచీ తన ఆలోచనేనని పటేల్ చెప్పాడు. హెడ్ కూడా తనదేనన్నాడు. హోర్డింగు మీద నమ్మకం తీసేసి నిజాయితీకి మారుపేరు అని రాయించారు. ప్లాట్లు అమ్ముడుపోయాయి. ఆ కాలంలో ఏ పేరు రాసినా అమ్ముడుపోయేవి.

పోయిన ఏడాది ఇబ్రహీంపట్నంలో లింగస్వామి సంతాప సభ జరిగింది. జీవితంలో అబద్ధమాడి ఎరుగడని, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదని వక్తలు చెప్పారు. వాళ్లు చెప్పిన ఆ మనిషి నాకు తెలియదు. నా వంతు వచ్చినప్పుడు బస్సు సంగతి చెప్పాను. యాచారం బస్సు చెడిపోయిందని రోజూ చెప్పే కాలంలో అతను ఇబ్రహీంపట్నంలోనే, సెట్టుకు నడిచి వచ్చేంత దూరంలో, గది తీసుకుని ఉంటున్నాడు. నాకు తెలిసిపోయిందని చెప్తే, "అవ్ అక్కా, నిద్రపోయిన," అన్నాడు. మర్నాడు సీన్లు వేళకు వచ్చాయి. ఆ మరుసటి రోజు బస్సు మళ్లీ చెడిపోయింది.

సభలో పెద్దలు ముఖాలు ముడుచుకున్నారు. అతని భార్య మాత్రం, "ఇంట్ల గూడ బస్సు మీదనే పెట్టెటోడు," అంది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఎక్కువేమీ కాదు. పాత్ర చేసిన తప్పు తెర మీద జరగాలి. దాన్ని పాత్రే నోటితో చెప్పాలి. మారినదీ లేనిదీ తర్వాత చేసే పనిలో చూపాలి. తప్పు తీసేసి పాత్రను కాపాడామనుకునేవారు దానికి మారే అవకాశం లేకుండా చేస్తారు. పోయినవారి గురించి మాట్లాడేటప్పుడు కూడా నేను ఈ పద్ధతినే పాటిస్తాను.