ఎండు నెత్తళ్ళ తప్పేమీ లేదు

మా ఇంట్లో ఆరేళ్ళపాటు మా అక్క ఒక నేరానికి శిక్ష అనుభవించింది. సాక్ష్యం, ఒక గిన్నెడు ఎండు నెత్తళ్ళ కూర. నేను హెర్నియా ఆపరేషన్ చేయించుకుని బరంపురంలో మా ఇంటికి వచ్చిన నాలుగో రోజున, గంజాం నుంచి బస్సెక్కి ఆ కూర తెచ్చిపెట్టింది. పన్నెండో రోజుకి నా ఎడమ పిక్క సొరకాయలా ఉబ్బింది. లోపల రక్తం గడ్డకట్టిందనీ, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణమే పోయేదనీ చెప్పి మళ్ళీ ఆస్పత్రిలో పడేశారు.

తిరిగి ఇంటికి రాగానే, మాతోనే ఉండే మా అత్తగారు తీర్పు చెప్పేసింది. "కుట్లమీద ఎండుసేపలెడతారేటి ఎవరైనా? పథ్యం సెడింది, రక్తం ఇరిగిపోయింది."

మా ఆవిడ తలూపింది. నేను నీరసంగా కళ్ళు మూసుకున్నాను. నీరసం నిజమే. కళ్ళు మూసుకున్నది మాత్రం అందుకు కాదు.

అంతకు ఏళ్ళ ముందే అక్కకు కాన్పు తర్వాత ఇలాగే కాలు వాచింది. అది పుట్టుకతో రక్తంలో వచ్చే గుణమనీ, తోబుట్టువులకూ ఉండొచ్చనీ, ఏ ఆపరేషన్‌కైనా ముందు చెప్పి తీరాలనీ డాక్టర్లు అన్నారు. అక్క ఆ సంగతి కాగితం మీద రాయించి మరీ నాకిచ్చింది. నేను దాన్ని కాన్పుల జబ్బుల్లో కలిపేశాను. నా ఆపరేషన్‌కు ముందు, మీ ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా అని డాక్టరు అడిగితే, కాగితం జేబులో ఉండగానే లేదన్నాను. మగవాణ్ణి, కాన్పు కబుర్లు నాకెందుకని.

అక్కడితో ఆగానా? ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రిలో నర్సు రోజూ ఒడియాలో "టికే చాలన్తు, మౌసా" అనేది, కొంచెం నడవండి బాబాయ్ అని. నలభై ఆరేళ్ళకే బాబాయినయ్యానని అలిగి మంచం దిగలేదు. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా తొడల దాకా వచ్చే బిగుతైన తెల్ల మేజోళ్ళు ఇచ్చి, ఇంట్లో కూడా వేసుకోమన్నారు. బయట ఎండాకాలపు ఉక్క, చూడ్డానికొచ్చే ఆఫీసువాళ్ళు. విప్పి బియ్యం డబ్బా అడుగున దాచేశాను. మా ఆవిడ అవి లుంగీ కింద ఉన్నాయనుకునేది. పాఠాలు చెప్పి బడినుంచి వచ్చి "నడిచారేటండి?" అంటే, "పదిసార్లు" అనేవాణ్ణి.

మొన్న మా మేనకోడలికి పిత్తాశయం ఆపరేషన్ కుదిరింది. అక్క ముందే డాక్టరుకు అంతా చెప్పి, రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు కూడా రాయించుకుంది. తర్వాత కోలుకునేదాకా మా ఇంట్లో ఉంచుదామని మాట్లాడుకోవడానికి వచ్చింది. మా అత్తగారు అక్కకు వినపడేలాగే అంది: "పిల్లనుంచండి. తల్లిని మాత్రం వంటగదిలోకి రానీకండి."

చేతిలో సంచీతో అక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

అప్పుడు చెప్పాను. కాగితం దగ్గర్నుంచి బియ్యం డబ్బా దాకా, ఏదీ వదలకుండా.

"ఆరేళ్ళు వదినని టీ కూడా పెట్టనివ్వలేదు కదండీ!" అంది మా ఆవిడ.

"అయినా ఎండుసేప వాతమే" అంది మా అత్తగారు.

అక్క మాత్రం ఆశ్చర్యపోలేదు. "మేజోళ్ళ సంగతి నాకు తెలుసురా. నువ్వు రెండోసారి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, పిల్లలకి వండుదామని బియ్యంలో అడుగుదాకా సెయ్యెట్టాను. కాళ్ళు తగిలాయి!"

"మరప్పుడే ఎందుకు సెప్పలేదక్కా?"

"నువ్వే సెప్తావని సూసాను. ఇయ్యాలకి సెప్పావు." సంచీతో నేరుగా వంటగదిలోకి వెళ్ళింది. అందులో నెత్తళ్ళే ఉన్నాయి.

మేనకోడలి ఆపరేషన్ బాగానే జరిగింది. దాన్ని వరండాలో నడిపించే పని నాది. ఎన్నిసార్లు తిప్పానో చెప్తే అక్క నమ్మదు. వంటగది గుమ్మంలో నిలబడి తనే చూసుకుంటుంది.