దినాల బువ్వకు ఇంగ్లీషు పేరు

చేతికి అడ్డులేకుండా ఖర్చు పెట్టడానికి ఇంగ్లీషులో రెండు మాటలున్నాయి. లావిష్ అంటే పెద్ద మనసుతో పెట్టడం, అది మెప్పు. ఎక్స్‌ట్రావగెంట్ అంటే హద్దూ పద్దూ లేని దుబారా, అది తిట్టు. డిక్షనరీలో అంతే ఉంటుంది. ఏది ఎవరికి వాడాలో మాత్రం పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో టైపిస్టుగా చేరాకే నాకు తెలిసింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

డెబ్బైలలో మాట. మా ఆఫీసరు, ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషికి గెస్ట్‌హౌస్‌లో విందు ఇచ్చాడు. కోడి, మేక, చేప, అన్నీ వండించాడు. తీరా ఆయనకు గురువారం ఉపవాసమట! రెండు అరటిపళ్లు తిని లేచాడు. వండినదంతా వెనకాల గోతిలో పోశారు. ‘లావిష్ హాస్పిటాలిటీ’ అని రిపోర్టు టైపు కొట్టింది నేనే.

ఆ నెలలోనే మా షెడ్డులో పనిచేసే హెల్పరుకు, పక్కనే ఉన్న పాశమైలారం ఊరివాడు, తల్లి పోయింది. అతను టెంపరరీ. పర్మనెంటు చేసే కాగితం ఆఫీసరు బల్లమీద ఉంది. పదకొండో రోజు దినాలు చేసి, మేకను కోసి ఊరందరికీ బువ్వ పెట్టాడు. మమ్మల్నీ పిలిచాడు, వెళ్లాం. ఆఫీసరు కూర మూడుసార్లు వేయించుకున్నాడు. బొమికలు కూడా వదల్లేదు మహానుభావుడు!

వారం తిరక్కుండా నన్ను పిలిచి డిక్టేషన్ ఇచ్చాడు. ‘మనిషి ఎక్స్‌ట్రావగెంట్. బాధ్యత తెలియదు. పర్మనెంటుకు పనికిరాడు.’ మీరూ తిన్నారు కదండీ అని నోటిదాకా వచ్చింది. మింగేసి, టైపు కొట్టి ఇచ్చాను.

మర్నాడు హెల్పరును పనిలోంచి తీసేశారు. గేటు దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు.

"నా కాయితంల ఏం రాసిన్రమ్మా?"

"దినాలకు దుబారా చేశావని రాయించాడు."

"దుబారానా? పాడె మోసినోళ్లకు ఇంత బువ్వ పెట్టకుంటే ఊర్ల మొగమెట్ల సూపియ్యాలె? దొర గూడ తిన్నడు గదా!"

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం! వాడి నోట్లో మన్ను పడ!" అని ఆఫీసరును నోరారా తిట్టాను.

అతను అంతా విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు:

"మరి మిషిన్ మీద కొట్టింది మీరే గదమ్మా. మా అమ్మ బువ్వ మీరు గూడ తింటిరి."