పైవాటా బంతి

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన కిందివాటా టైలరమ్మకు ఏ ఊరూ మంచిది కాకూడదు. కొలతలివ్వడానికి పొట్ట బిగబట్టి నిలబడ్డవాళ్లను “ఇంటికెళ్లాక వదిలే ఊపిరేగా, ఇప్పుడే వదులు!” అని కసిరే మనిషి. అయినా ముప్పై ఏళ్లుగా ఆమెకు పనిలేని రోజు లేదు. చెవి మరీ చురుకైనది. కుట్టుమిషన్ చప్పుడు విని సూది మొద్దుబారిందో, బాబిన్‌లో దారం అయిపోవచ్చిందో చెప్పేస్తుంది.

ఆ చెవిన రోజూ సాయంత్రం బంతి మోత పడసాగింది. పైవాటాలో అద్దెకు దిగినవాళ్ల పదమూడేళ్ల పిల్ల బాస్కెట్‌బాల్ ఆడుతుంది. నాలుగో రోజు టైలరమ్మ అగ్గిమీద గుగ్గిలమై మెట్లెక్కింది.

పిల్ల బంతిని పొట్టకు హత్తుకుని గోడకు అతుక్కుపోయింది. “ఆపేస్తానత్తా. నెలలో లీగ్ సెలక్షన్లు. నిరుడు తీసుకోలేదు. ఈసారీ పోతే ఇక వయసు దాటిపోతుంది.”

టైలరమ్మ తిట్టడానికే నోరు తెరిచింది. వచ్చిన మాట వేరు.

“ఇందాక చెయ్యి మార్చావా? కాసేపు బాగానే పడి, తర్వాత నీ బంతి కుంటింది.”

పిల్ల తెల్లబోయింది. “ఎడమచెయ్యత్తా. నిరుడు పోయింది దాంతోనే.”

“మరి వచ్చిన చేత్తో గంట, రాని చేత్తో అయిదు నిమిషాలా? ఏ చెయ్యి రాదో దాన్ని కదే అరగదీయాలి!”

ఆటలో ఓనమాలు రాని మనిషి ఆ మర్నాటి నుంచి గురువైపోయింది. కింద కుడుతూనే చెవి పైకి పెట్టేది. బంతి తడబడితే చీపురు కర్రతో కప్పును పొడిచేది. పైన పిల్ల మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాలి. “అరచేత్తో బాదుతున్నావే, చప్పుడు చచ్చినట్టుంది. వేళ్లతో నెట్టు!” అని కిటికీలోంచి కేక.

ఒకరోజు పదకొండుసార్లు కర్ర పడింది. పైన బంతి గోడకు తగిలిన చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం. టైలరమ్మ మిషన్ ఆపేసింది. నా పాడు నోటితో పిల్ల ఆటను పాడుచేశానా అని మొదటిసారి భయపడింది. చాలాసేపటికి బంతి మళ్లీ మొదలైంది, నెమ్మదిగా, ఎడమచేత్తో. టైలరమ్మ కర్రను మూలకు విసిరేసింది.

సెలక్షన్ల రోజు ఆమె గదికి తాళం వేసి మరీ మైదానానికి వెళ్లింది. వరసగా పెట్టిన కుర్చీల మధ్య నుంచి కుడిచేత్తో బంతిని కొట్టుకుంటూ వెళ్లి, ఎడమచేత్తో తిరిగి రావాలి. తిరుగుదారిలో చాలామందికి బంతి జారింది. పైవాటా పిల్ల తలెత్తుకుని వెళ్లింది, అలాగే తిరిగి వచ్చింది. ఒక్కసారైనా బంతి వైపు చూడలేదు.

“పదిహేడో నంబరు, ఎంపికైనవాళ్లతో నిలబడు,” అన్నాడు సెలక్టరు. కాగితం మీద ఏదో రాసుకోబోయి ఆగి అడిగాడు. “నువ్వు ఎడమచేతివాటమా అమ్మా?”

పిల్ల నోరు విప్పేలోగా గట్టు మీద టైలరమ్మ లేచి నిలబడింది. ఆమె కేక మైదానమంతా వినబడింది.

“కాదండీ! పుట్టుకతో వచ్చింది కుడే! ఎడమది మేమిద్దరం సంపాదించుకున్నాం!”