కత్తెరకు అందని కొమ్మ

“...తలకాయ అనుకున్నారా దాన్ని, వారం వారం క్రాఫు చెయ్యడానికి? కత్తెర పట్టేది మీరు, ఈ ఎర్రటి మొనలన్నీ ఊడ్చలేక నడుం పట్టేసేది నాకు!”

“లేత చిగురే అది. కత్తిరిస్తేనే గుబురుగా వస్తుంది. నా పని నాకు నేర్పుతావా?”

“వచ్చిందిగా గుబురు. కూర వండమంటారా దాన్ని?”

భార్య మాట పట్టించుకోకుండా దువ్వెన ఇంకో రెమ్మ కత్తిరించాడు. వీధి చివరి సెలూన్ అతనిదే. చెవి మీద ఎప్పుడూ దువ్వెన ఉంటుంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. సెలవు రోజున కూడా అతని చేతులు ఊరుకోవు. ప్రహరీ పక్కనున్న దానిమ్మ చెట్టు చుట్టూ తిరిగి, వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూసి, చెవుల దగ్గర సవరించినట్టే సవరిస్తాడు. చెట్టు పెళ్లికొడుకు తలలా గుండ్రంగా, నున్నగా ఉండేది. కాయ మాత్రం కాసేది కాదు.

కారణం తనకు తెలుసనుకున్నాడు. గోడ అవతల నర్సమ్మగారి సపోటా. ఆస్పత్రి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆవిడ మధ్యాహ్నాలన్నీ ఆ చెట్టు కిందే కుర్చీ వేసుకుని గడిపేది. “మీ నీడ నా చెట్టును తినేస్తోందమ్మా” అని ఒకసారి గోడ మీంచి అన్నాడు. ఆవిడ నవ్వేసింది. అతనికి ఒళ్లు మండింది. అప్పటి నుంచి అద్దం ముందు కూర్చున్న ప్రతి తలకూ అదే కథ. మెడ చుట్టూ గుడ్డ, మెడ మీద కత్తి ఉన్నవాడు ఔననక ఏం చేస్తాడు? ఔనన్నవాళ్లు ఆవిడను కూరగాయల బండి దగ్గరా, పాలవాడి దగ్గరా నిలేశారు. “ఇరుగూ పొరుగూ అన్నాక సర్దుకుపోవాలి కదండీ” అన్నారు. చివరికి ఎండాకాలం మొదట్లో ఆవిడ మనుషుల్ని పిలిపించి సపోటాను కొట్టించేసింది. అతన్ని ఒక్క మాటా అనలేదు.

ఎండ వచ్చింది. కాయ రాలేదు.

ఆ పూట కత్తెర ఇంకా చేతిలో ఉండగానే గోడ అవతల నుంచి పిలుపు వినిపించింది.

“బాబూ, ఒకసారి ఇటు రా. నీ సొత్తు నా దగ్గరుంది.”

వెళ్లాడు. నర్సమ్మగారు నెత్తిన తడి తువ్వాలు వేసుకుని ఉంది. సపోటా మొద్దు మీద బట్టల సబ్బు ఉంది. ఆవిడ అతన్ని స్నానాలగది వెనక ఇరుకు సందులోకి తీసుకెళ్లింది. గోడ దాటి ఒంగిన దానిమ్మ కొమ్మ ఒకటి అక్కడ దాగి ఉంది. దానికి పిడికిలంత కాయలు వేలాడుతున్నాయి. ఒకటి పగిలి గింజలు కనిపిస్తున్నాయి.

“నేను ముట్టుకోలేదు. ఉడతలు కొట్టేస్తాయని గుడ్డలు కట్టాను, ఇవాళే విప్పాను.”

అతను తలెత్తి చూశాడు. ఒక పక్క గది, ఒక పక్క గోడ, కింద నాచు.

“ఇక్కడికి ఎండ వస్తుందా అమ్మా?”

“ఎక్కడి ఎండ? కాలు జారుతుందని నేనే ఇటు రాను.”

“మరి సపోటా ఉన్నప్పుడు?”

“అప్పుడూ ఓ రెండు కాసింది.”

“ఆ మాట అప్పుడే చెప్పకపోయారా?”

“చెప్తే వినేలా ఉన్నావా నువ్వు? వీధంతా నీ తరఫునే ఉందాయె.”

ఆ గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాడు.

కొమ్మ చివర్లలో ఇంకా కొన్ని మొగ్గలున్నాయి. చిగురు మధ్యలో చిగురులాగే ఎర్రగా ఉన్నాయి. చెట్టు మొత్తంలో తన కత్తెరకు అందని కొమ్మ ఇదొక్కటే. వారం వారం భార్య చేటలోకి ఎత్తి పారబోసినవేమిటో అతనికి అప్పుడు తెలిసింది. చెవి మీది దువ్వెన తీసి జేబులో పెట్టుకున్నాడు.

“కోసుకో బాబూ” అంది ఆవిడ.

చెయ్యి లేవలేదు. తల వంచుకుని బయటికి వస్తుంటే, నడిపెరట్లో, ఎండలో ఆవిడ కుర్చీ కనిపించింది.

“ఏం కాజేసిందట మీ సొత్తు?” అంది భార్య గుమ్మంలోనే.

చెప్పాడు. మొహం చూడలేక చేటకేసి చూస్తూ చెప్పాడు. ఎకసెక్కమాడుతుందనుకున్నాడు. ఆమె చీపురు గోడకు చేరేసింది.

“అయ్యో, అంత చెట్టు కొట్టించారే” అని మాత్రం అంది.

సాయంత్రం అతను పలుగు పట్టుకుని పెరట్లోకి వచ్చాడు.

“ఇప్పుడేం తవ్వుతారు?”

“ఈ గోడ తీసేసి, చెట్టుకి ఇవతల కట్టిస్తా. చెట్టు ఆవిడది. ఎందుకని షాపులో అడిగిన ప్రతి తలకీ జరిగింది చెప్తా.”