నాయన చేతికందిన గది

మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక, అనంతపురంలో మా ఇంట్లో నేను పడుకునే గదిని సర్దించాలని మా అమ్మాయి పట్టుబట్టింది. ముప్పై ఏళ్లు పంతులమ్మగా ఊరూరా తిరిగి పోగేసుకున్న సామానంతా ఆ గదిలోనే ఉంది. కట్టని చీరల మూటలు, ఎవరెవరి పెళ్లిళ్లలోనో పెట్టిన స్టీలు గిన్నెలు, తలుపు సగమే తెరుచుకునే బీరువా, దాని మీద ట్రంకుపెట్టె, ఆ పెట్టె మీద ఎప్పుడో తిరగడం మానేసిన టేబుల్ ఫ్యాను. చేతికర్రతో నడవడానికి మూరెడు దారి మిగిలింది. మా అమ్మాయి పిలిపించిన వడ్రంగి టేపు చేతిలోనే ఉంచుకుని, గోడల వైపు చూడకుండా నా ఎదురుగా కూర్చుని, "దినామూ ఈ గదిలో మీరు ఏమేం చేస్తారో ముందు చెప్పండమ్మా, దాన్ని బట్టి యాడ ఏముండాల్నో చూస్తాము" అన్నాడు. అడగవలసిన మాటే. కానీ నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. నొప్పి అనుకుని మా అమ్మాయి మాత్ర తెచ్చి ఇచ్చింది. ఆ ప్రశ్న మా అమ్మ మా నాయనను అడగగా విన్నప్పుడు నాకు పదకొండేళ్లు.

మాది గోరంట్ల దగ్గర పల్లె. నా ఈడువాళ్లకు మట్టిమిద్దెలు ఎలా ఉండేవో చెప్పే పని లేదు. వేసవిలో బయట నిప్పులు కురుస్తున్నా లోపల అడుగుపెడితే కళ్లకు చీకటి, ఒంటికి చల్లదనం. మాకు రెండే గదులు. ముందు గదిలో వంట, పడక, చదువు, చుట్టాలు అన్నీ జరిగిపోయేవి. వెనక గది సామాన్లది. విత్తనానికి దాచిన శెనక్కాయ మూటలు, దుక్కి దున్నే మడక, విత్తనం వేసే గొర్రు, గుంటక, కాడిమాను, ఎద్దుల మెడలకు కట్టే గంటలు, చిల్లుపడిన గంపలు, పనికొస్తుందని దాచి ఎన్నడూ పనికి తియ్యని ఇనుపముక్కలు. ఆ గదిలోకి వెళ్లాలంటే నాయనకే దారి తెలిసేది. చీకట్లో చెయ్యి చాపి కావలసిన వస్తువు తీసుకునేవాడు. మేము పోతే ఏదో ఒకటి కాలి మీద పడేది.

వానలు వరుసగా మొహం చాటేసిన ఏళ్లవి. బావిలో నీళ్లు అడుగంటితే అందరూ చేసినట్టే నాయనా, ఆయన తమ్ముడు మా చిన్నాయనా బావిని ఇంకా లోతుకు తవ్వడం మొదలుపెట్టారు. ఒక మధ్యాహ్నం దిగుతూ దిగుతూ రాతిమెట్టు మీద నాయన కాలు జారింది. అడుగున నీళ్లుంటే ఈదుకొచ్చేవాడు. రాళ్లున్నాయి. నడుము విరిగింది. అనంతపురం పెద్దాసుపత్రిలో నెలల తరబడి ఉంచుకుని, ఇక లేచి నిలబడడని చెప్పి పంపించారు. చిన్నాయన ఎవరిదో లారీ మాట్లాడి, శెనక్కాయ పొట్టు మూటల మీద పడుకోబెట్టి తీసుకొచ్చాడు. ఊరిలో అందరికంటే ఎక్కువ బరువు మోసే మనిషిని నలుగురు మోసి దించుతుంటే, ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు.

ముందు గదిలో పొయ్యి పొగ, వచ్చిపోయేవాళ్ల చూపులు. అందుకని వెనక గదిలో రెండు మూటలు జరిపి, గోడకు ఆనించి నులకమంచం వేశారు. ఒక పక్క గోడ, ఒక పక్క మూటలు, కాళ్ల దగ్గర మడక. అమ్మ ఆయనను పక్కకు తిప్పాలంటే మూటల మీదికి ఎక్కి వంగాల్సి వచ్చేది. నీళ్లు కావాలంటే ఆయన కేక వెయ్యాలి, అమ్మ కూలికి పోతే కేక వినే దిక్కు ఉండదు. నెల తిరగకముందే వీపున పుండ్లు పడ్డాయి. పైకప్పులో గవాచి ఒకటి, చేటంత వెలుతురు ఇచ్చేది. ఆ వెలుతురు గొర్రు మీద పడి జరుగుతుంటే ఆయన దాన్నే చూస్తూ ఉండేవాడు. మాటలు తగ్గిపోయాయి. అన్నం కూడా.

ఒకరోజు బడి నుంచి రాగానే నన్ను పిలిచి, "పైగూట్లో డబ్బా ఉండాది, అందియ్యి పాపా" అన్నాడు. శెనక్కాయ చేలో గొంగళిపురుగుకు కొట్టే మందు అది. అది ఏమిటో నాకు తెలుసు. ఎందుకు అడిగాడో తెలియదని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను, కానీ మూటలెక్కి ఆ డబ్బా తీసేటప్పుడు అమ్మ వస్తోందేమోనని వాకిలి వైపు చూసిన సంగతి నాకు గుర్తుంది. నాయన అడిగితే లేదనడం అలవాటు లేని పిల్లను. కిందికి దిగుతుండగా అమ్మ వచ్చింది. నా చేతిలోది చూసింది, మంచం వైపు చూసింది. నన్ను కొట్టలేదు, ఆయనను ఒక్క మాట అనలేదు. డబ్బా తీసుకుని బయటికి పోయి, చేను గట్టున గుంత తవ్వి పూడ్చి, చేతులు కడుక్కుని వచ్చి పొయ్యి వెలిగించింది.

మరునాడు పొద్దున్నే చిన్నాయనను పిలిపించి నాయనను మంచంతో సహా ముందు గదిలోకి మార్పించింది. సామాన్ల గదిలోంచి ఒక్కొక్కటే బయటికి తీసింది. మూటలు చిన్నాయన ఇంటికి. గంపలు, ఇనుపముక్కలు దిబ్బలోకి. అంతవరకూ నాయన ఊరుకున్నాడు. చిన్నాయన ఇంటికే పోతున్న గొర్రు, మడక గడప దాటుతుంటే మాత్రం ఆయన గొంతులోంచి ఎన్నడూ వినని శబ్దం వచ్చింది.

"బతికుండంగానే నన్ను ఊరవతల పెడ్తివి గదా" అన్నాడు.

అమ్మ ఆగలేదు. సాయంత్రానికి గది ఖాళీ అయింది. మొదటిసారి దాని నేల చూశాను, ఎలుకబొక్కలతో. వాటిని పూడ్చి అలికాక, అమ్మ నాయన దగ్గరికి వచ్చి కూర్చుని, "దినామూ ఆ గదిలో ఏం చేస్తావో చెప్పు. అట్ల పెడ్తా అన్నీ" అంది.

"సస్తా. సచ్చేదానికి గది యెట్లుంటే ఏమి?"

"సచ్చేదానికి అంత గది యాల? బతికేదానికి ఎంత కావాల్నో అది చెప్పు."

నాయన గోడ వైపు తల తిప్పుకున్నాడు. ఆయన చెప్పకపోయేసరికి అమ్మే తెలుసుకోవడానికి పూనుకుంది. ఖాళీ గదిలో గోడకు కాస్త ఎడంగా మరో మంచం వేసుకుని, నడుము కింద ఒళ్లు కదలకుండా తాను పడుకుని, చేతులు అటూ ఇటూ చాపింది. వేళ్లు ఎంతవరకు పోతాయో అంతవరకు నన్ను గోడ మీద బొగ్గుతో గీత గియ్యమంది. మంచం జరిపి మళ్లీ పడుకుంది, మళ్లీ గీయించింది. ఎప్పుడూ నిలబడో వంగో ఏదో ఒక పనిలో ఉండే అమ్మ, పట్టపగలు అలా కదలకుండా పడుకుని పైకప్పు చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం, "ఈడికే అందుతాది, ఈడ గియ్యి" అంటూనే ఉంది.

ఆ గీతల దగ్గర మట్టిగోడలో గూళ్లు తవ్వింది. నీళ్ల చెంబుకు ఒకటి, బీడీలకు ఒకటి, పుండ్లకు రాసే మందుకు ఒకటి. రెండు పక్కలా మనిషి తిరిగేలా మంచాన్ని గోడకు జానా బెత్తెడు కాకుండా చెయ్యి చాచినంత దూరంలో వేసింది. పట్టుకుని తల ఎత్తుకోవడానికి దూలానికి మోకు వేలాడదీసింది. చిన్నాయన చేత తూర్పుగోడకు, పడుకున్న మనిషి కంటికి సరిగ్గా, కిటికీ కొట్టించింది. దానిలోంచి బాట కనిపించేది, మా చేను కనిపించేది కాదు. కావాలనే అలా కొట్టించిందని తర్వాత అర్థమైంది.

నాయన అమ్మతో మాట్లాడటం మానేశాడు. ఏది కావాలన్నా, "మీ యమ్మతో చెప్పు" అని నాతోనే. కానీ పుండ్లు మానాయి. బాటన పోయేవాళ్లు కిటికీ దగ్గర ఆగి, "ఏమన్నా, ఎట్లుండావు?" అనేవాళ్లు. కొన్నాళ్లకు ఎవరో కిత్తనార కట్ట ఇచ్చి పోతే పడుకున్నచోటే తాడు పేనాడు. తర్వాత చుట్టుపక్కల పల్లెల ఎద్దులకు పలుపులు ఆ గదిలోనే తయారయ్యాయి. రెండేళ్లు బాగానే గడిచింది. మూడో ఏడు మేత లేక జనం ఎద్దులను సంతకు తోలారు. పలుపులు అడిగేవాళ్లు లేరు. చిన్నాయన కూడా తన దగ్గరున్న మా ఎద్దులను తోలాడు, మడకతో పాటే. ఆ సంగతి నాయనకు మేము చెప్పలేదు. బాటన పోతున్న వాటి గిట్టల చప్పుడును బట్టే ఆయన పోల్చుకుని ఉంటాడు. ఆ రోజు నార ముట్టుకోలేదు.

నాలుగో ఏడు ఎండాకాలం మొదట్లో ఒకరోజు, "మీ యమ్మతో చెప్పు, నీళ్ల గూడు ఇంకో జానెడు కిందికి తవ్వమని" అన్నాడు. అమ్మ అక్కడే ఉంది. ఆయన చెయ్యి ఎత్తి చోటు చూపించాడు. ఎత్తడానికి ఎంతసేపు పట్టిందో ముగ్గురమూ చూశాం. అమ్మ గడ్డపార తెచ్చి తవ్వింది, చెంబు పెట్టి అందుతుందా అని కళ్లతోనే అడిగింది. అందింది. తర్వాత ఆమె పెరట్లోకి పోయి చాలాసేపు రాలేదు. వానలు రాకముందే, జ్వరం తగిలి, నాయన పోయాడు.

నాకు బడిలో ఉద్యోగం వచ్చాక అమ్మ నాతోనే ఉంది. చివరి రోజుల్లో ఒకసారి ధైర్యం చేసి, ఆ రోజు గొర్రూ మడకా తీసేముందు నాయనను ఒక మాట అడిగి ఉండాల్సిందేమో కదా అన్నాను. అమ్మ నా వైపు చూడకుండానే చెప్పింది.

"అడిగింటే వద్దనేవాడు. ఆయప్ప వద్దంటే నాకు చెయ్యాడదు. అందుకే అడగల్యా."

ఇప్పుడు మా ఇంట్లో గుండుసూది జరపాలన్నా నలుగురినీ అడుగుతారు. మంచిదే, కాదనను. ఇప్పటి రోజుల్లో అయితే నాయనకు చక్రాల కుర్చీ వచ్చేది, పుండ్లు పడని పరుపు వచ్చేది, మరో పదేళ్లు బతికేవాడేమో. కానీ మనిషిని బతికించుకోవడానికి ఆ మనిషి కోపాన్నే నాలుగేళ్లు, ఒక్కనాడూ సంజాయిషీ చెప్పుకోకుండా, మోసిన ఆడవాళ్లు ఇప్పుడెక్కడున్నారో నాకు తెలియదు. నేనైతే అలాంటిదాన్ని కాలేకపోయాను.