కొండమీది మాను

మా ఇంట్లో మాను అంటే జింక. తరతరాలుగా పుదుచ్చేరిలో ఉండి మా తెలుగు సగం అరవమైపోయింది. అక్కని చేసుకుని నెల్లూరు వైపు నుంచి వచ్చిన మా బావకి మాత్రం మాను అంటే చెట్టు. ఈ ఒక్క మాటని అడ్డం పెట్టుకుని చాలా ఏళ్ళుగా ఆయన్ని నవ్వులపాలు చేశాను. అసలు జరిగింది వేరు.

అప్పుడు అరవ లెక్కలో ఐప్పసి నెల, వానలు దిగే కాలం. నాకు కొత్తగా కెమెరా వచ్చింది. మా తాత తుపాకి పట్టుకుని తిరిగిన జవ్వాది కొండల్లో నేను కెమెరాతో జింకల్ని వేటాడాలనుకున్నాను. తెల్లారేసరికి పైన గడ్డినేల దగ్గర ఉండాలి, అదీ నా ఏర్పాటు. అక్క, బావ నా కారెక్కారు. పుదుచ్చేరిలో ఆకాశం నిండా చుక్కలు. ఇక్కడ మబ్బు లేకపోతే అక్కడా ఉండదనుకున్నాను.

కొండ మొదట్లోనే తుంపర పట్టుకుంది. బావ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసి అన్నాడు. "సగంలో ఆగుదాం రా బామ్మర్దీ. పైన గాలి, మంచు. జింకలేమన్నా పిచ్చివా, ఆడ నిలబడి తడవడానికి? గాలి తగలని పక్కకి దిగుంటాయి. వాన నిలిచినాక చెట్లు కారతా ఉంటే ఆ చప్పుడుకి వాటికి ఏమీ వినపడదు. అందుకని బయలుకొచ్చి నిలబడతాయి."

"మీ ఊళ్ళో జింకలు బావా అవి. మా అరవ జింకలకి ధైర్యం ఎక్కువ," అన్నాను.

పైకి పోయాం. పైన జింక సంగతి దేవుడెరుగు, కారు ముందు భాగమే కనిపించలేదు. అక్క వెనక సీట్లో దుప్పటి కప్పుకుని నిద్రపోయింది. నేను బండి తిప్పాను.

సగం దిగాక ఒక మలుపులో బావ ఉన్నట్టుండి అరిచాడు. "మాను! మాను!"

బ్రేకు తొక్కాను. మంచులో గోధుమరంగు ఒళ్ళు, పైకి లేచిన కొమ్ములు. ఇంజను ఆపేసి, కెమెరా తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా దిగి, బురదలో బోర్లా పడుకుని మోచేతులమీద పాకాను. పాకుతూనే ఫోటోలు తీశాను.

"ఏందిరా, పడిపోయిన మానుకి ఫోటోలేంది?" కారులోంచి బావ.

"ష్! బెదిరిపోతుంది!"

"ఇంకేం బెదురుతుంది? వేళ్ళతో సహా పెరుక్కుని పడుంటే!"

అప్పుడు చూశాను. దారికి అడ్డంగా చెట్టు. బావ చూసింది చెట్టునే, చెప్పిందీ చెట్టనే. ఆ అరుపు లేకపోతే ముగ్గురం పోయి దానికి గుద్దుకునేవాళ్ళం.

దాన్ని ఎవరో వచ్చి తొలగించేదాకా అక్కడే ఉండిపోయాం. ఈలోగా వాన నిలిచింది. కింద బయలులోకి జింకలు వచ్చాయి, ఆయన చెప్పినట్టే, తాపీగా. నా కెమెరా అద్దం నిండా బురద. బావ నావైపు చూసి నవ్వాడు.

నటేశన్ నగర్‌లో మా ఇంటికి రాగానే, ఆయన ఇంకా గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే, నేను అందరికీ చెప్పేశాను. "బావ మాను మాను అని అరిచాడు. దిగి చూస్తే చెట్టు!" ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. మా ఇంట్లో వినేవాళ్ళకి మొత్తం అబద్ధమే. ఇల్లంతా పగలబడి నవ్వింది. బావ కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి ఆయన మాను బావ, మాను పెదనాన్న, మాను మామ.

మొన్న భోజనాల దగ్గర బావ కొత్త అల్లుడు ఎంతో మర్యాదగా అడిగాడు. "మామయ్యా, ఆ మానుకి ఎన్ని కొమ్ములండీ?" బావ నవ్వాడు. నవ్వి, మజ్జిగన్నం తినకుండా చెయ్యి కడుక్కున్నాడు. మజ్జిగన్నం వదిలి లేచే మనిషి కాదాయన.

వెనకే పోయి, "ఈ ఐప్పసికి మళ్ళీ కొండకి పోదాం బావా," అన్నాను.

"మీరు పొయ్యి రాండి. నేనొస్తే మళ్ళా ఇంకో కథ."

ఆయన రాని కొండకి నేను పోయేది లేదు. అందుకే ఇదంతా రాసి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు.

"బాగుంది. ఒత్తులు కూడా సరిగ్గా పెట్టినావు." నాకు తెలుగు రాయడం నేర్పింది ఆయనే. "అయితే బామ్మర్దీ, మన ఇళ్ళల్లో తెలుగు చదివేది ఎవురు?"

"మీరు."

"ఇంకా?"

"నేను."

"అంటే, నాకు తెలిసిందే నాకు చెప్పినావు. భలేవాడివే!"

ఆదివారం అందర్నీ కూర్చోబెట్టి నేనే పైకి చదవాలన్నాడు. చదవడమే కాదు, పాకింది కూడా పాకి చూపించాలట.

ఇక్కడినుంచి ఆదివారం తర్వాత చేర్చింది. చదివాను. పాకే చోటు రాగానే ఈ వయసులో, ఈ పొట్టతో, హాలులో బోర్లా పడుకున్నాను. అక్క నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. అల్లుడు లేచి, "తప్పయిపోయింది మామయ్యా," అన్నాడు. "నీదేముందయ్యా, కూర్చో," అన్నాడు బావ. సరిగ్గా నేను పాకుతూ సోఫా పక్కకి వచ్చేసరికి కుర్చీలోంచి అరిచాడు. "మాను! మాను!"

మధ్యాహ్నం మజ్జిగన్నం మళ్ళీ అడిగి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "ఈసారి ఎండ కాస్తే పైకి, ముసురు పడితే సగానికి," అన్నాడు. "యాడ ఆగాలో నేను చెప్తా. నువ్వు బండి తోలు."